మిక్సీ శబ్దం కాదు తమ్ముడూ, అందులో పియానో ఉంది

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఇంటర్ సెకండియర్ అన్నావు, ఫ్రెండ్ ఇయర్‌ఫోన్స్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికా బ్యాండ్ వాళ్ళ 'మార్చ్ ఆఫ్ ద పిగ్స్' విన్నావు, అప్పట్నుంచి వేరే ఏదీ వినబుద్ధి కావట్లేదు, ఇంట్లో పెడితే అమ్మ "ఇది పాటా, మిక్సీలో రాళ్ళేశావా" అంటోంది, అసలు ఈ ఇండస్ట్రియల్ రాక్ అంటే ఏంటి, ఎక్కడ మొదలెట్టాలి, ఇందులో నిజంగా సరుకుందా లేక ఈ వయసులో అందరికీ ఇలాగే అనిపిస్తుందా అని అడిగావు. సరుకుంది. చాలా ఉంది. నేను హైదరాబాద్‌లో సౌండ్ మిక్సింగ్ చేస్తా, 20 ఏళ్ళు దాటింది, అసలు ఈ పనిలోకి నేను వచ్చిందే ఆ బ్యాండ్ వల్ల, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, తీరిగ్గా చదువు.

మాది విశాఖ ఉక్కునగరం. నాన్న స్టీల్ ప్లాంట్ వైర్ రాడ్ మిల్లులో మెకానికల్ మెయింటెనెన్స్. 1998 డిసెంబర్‌లో నాకు 15 ఏళ్ళు, టెన్త్ చదువుతున్నా. అప్పుడు ఒహాయోలో ఎంఎస్ చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో పెళ్ళికి వచ్చాడు, వస్తూ నాకోసం ఒక కంప్యూటర్ గేమ్ సీడీ తెచ్చాడు, పేరు క్వేక్. మా ఇంట్లో కంప్యూటర్ లేదని అన్నయ్యకి తెలీదు, నేనూ చెప్పలేదు, తీసుకుని దాచుకున్నా. ఉన్నదల్లా నాన్న బోనస్ డబ్బుల్తో కొన్న టూ ఇన్ వన్, దానికి సీడీ ప్లేయర్ కూడా ఉండేది, అందులో ఘంటసాల, బాలమురళి తప్ప వేరే సీడీ ఎప్పుడూ పడలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఏమీ తోచక గేమ్ సీడీ అందులో పెట్టేశా.

నిజానికి అలా పెట్టకూడదు. మొదటి ట్రాక్‌లో ఉండేది గేమ్ డేటా, కొన్ని పాత ప్లేయర్లు దాన్ని కూడా సౌండ్ అనుకుని గట్టిగా వాయించేస్తాయి, స్పీకర్ పోతుంది. మా ప్లేయర్ నోరు మూసుకుని కూర్చుంది, నా అదృష్టం. నెక్స్ట్ బటన్ నొక్కా. క్వేక్ గేమ్‌లో మ్యూజిక్ మామూలు ఆడియో సీడీ లాగే రెండో ట్రాక్ నుంచి ఉంటుంది, ఆ విషయం నాకప్పుడు తెలీదు, తెలీకుండానే తలుపు తెరుచుకుంది.

పాట కాదు అది. పాడేవాళ్ళు లేరు. ఏదో గాలి, ఎవరో గుసగుసలాడుతున్నట్టు, దూరంగా ఇనుము ఇనుముకి రాసుకున్నట్టు, కింద ఒక హోరు అలా పోతానే ఉంది. భయమేసింది, కానీ ఆపలేదు, ఎందుకంటే అది నాకు కొత్త శబ్దం కాదు. ఉక్కునగరంలో రాత్రి 2 గంటలకి మేలుకుంటే వినపడేది అదే. వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి వరసగా ధన్ ధన్ మని పోయే చప్పుడు, ఎక్కడో ఆవిరి వదిలితే వచ్చే బుస్సు, అన్నిటి వెనక ఎప్పటికీ ఆగని ఒక గుర్రు. చిన్నప్పట్నుంచి వింటున్న ఆ శబ్దాన్ని ఎవరో అమెరికాలో కూర్చుని మ్యూజిక్ చేశాడు అన్న విషయం నన్ను ఆ రాత్రి పడుకోనివ్వలేదు. ఖాళీ క్యాసెట్ పెట్టి మొత్తం రికార్డ్ చేసుకున్నా. గేమ్ మాత్రం ఇంకో ఏడాదికి గానీ ఆడలేదు, అది కూడా ఫ్రెండ్ వాళ్ళింట్లో, ఆడుతుంటే మేకుల తుపాకీకి తూటాలుండే పెట్టెల మీద ఎన్ ఐ ఎన్ అని చివరి ఎన్ తిరగేసి రాసుంది, అది బ్యాండ్ లోగో అని అప్పటికి నాకు తెలుసు కాబట్టి స్క్రీన్ దగ్గర గట్టిగా అరిచా.

మళ్ళీ వెనక్కి వస్తా. అన్నయ్యకి ఉత్తరం రాశా, ఆ మ్యూజిక్ చేసినాయన ఎవరు, ఆయనవి వేరే పాటలున్నాయా అని. నైన్ ఇంచ్ నెయిల్స్ నడిపే ట్రెంట్ రెజ్నర్ అని జవాబు వచ్చింది. 1999 వేసవిలో అన్నయ్య క్లాస్‌మేట్ ఎవరో వైజాగ్ వస్తుంటే రెండు సీడీలు పంపాడు, 'ప్రెట్టీ హేట్ మెషీన్', 'ద డౌన్‌వర్డ్ స్పైరల్'. జగదాంబ దగ్గర క్యాసెట్ షాపులన్నీ అప్పటికే తిరిగేశా, ఎక్కడా లేవు, ఆ బ్యాండ్ పేరు చెప్తే షాపాయన నన్ను పైకీ కిందకీ చూసేవాడు. అందుకని ఆ రెండు సీడీల విలువ నీకు చెప్పినా అర్థం కాదు, నీకిప్పుడు ఫోన్‌లో అన్నీ ఉన్నాయి, మంచిదే, కానీ రెండే ఉంటే ఆ రెండే నాలుగొందలసార్లు వింటాం, అప్పుడే లోపల ఏముందో కనపడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఒకరోజు నాన్న బి షిఫ్ట్ అయిపోయి రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చాడు, నేను సౌండ్ తగ్గించడం మర్చిపోయా, డౌన్‌వర్డ్ స్పైరల్ పోతా ఉంది. తిడతాడనుకున్నా. నాన్న గుమ్మంలో అలాగే నిలబడి, బూట్లు కూడా విప్పకుండా, కాసేపు విని "ఏరా, అది మళ్ళీ పెట్టు, వెనకాల ఏదో తిరుగుతోంది, బేరింగ్ పోయినట్టుంది" అన్నాడు. మళ్ళీ పెట్టా. నాకు అప్పటిదాకా వినపడలేదు, నాన్న చెప్పాక వినపడింది, గిటార్ వెనక ఒక చిన్న మెషీన్ శబ్దం ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది, దాన్ని లూప్ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాన్న నాకు మిల్లులో ఎలా వింటారో చెప్పాడు. పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని మొన బేరింగ్ హౌసింగ్‌కి ఆనించి, పిడి చెవి కింద ఎముకకి ఆనిస్తే లోపల బాల్ తిరిగేది మొత్తం తెలుస్తుందంట. "శబ్దం ఎక్కువుందా తక్కువుందా అని వినకూడదురా, ఎప్పుడూ ఉండేదేగా, మారిందా లేదా అని వినాలి" అన్నాడు. నేను సౌండ్ ఇంజనీరింగ్ కోర్సు తర్వాత చేశా, కానీ మొదటి క్లాసు అదే.

నువ్వు అడిగిన మొదటి ముక్కకి జవాబు కూడా అక్కడే ఉంది. ఇండస్ట్రియల్ అన్న పేరు లండన్ నుంచి వచ్చింది, 1976లో థ్రాబింగ్ గ్రిసిల్ అనే గ్రూపు ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత లేబుల్, అంటే రికార్డులు వేసే కంపెనీ పెట్టుకుంది, వాళ్ళకి రాక్ బ్యాండ్ లాగా గిటార్ బాగా వాయించాలన్న గోల లేదు, టేపులు, ఇంట్లో చేసిన ఎలక్ట్రానిక్ డబ్బాలు, వినడానికి ఇబ్బందిగా ఉండే విషయాలు. అదే సమయంలో షెఫీల్డ్‌లో క్యాబరే వోల్టేర్ అనే గ్రూపు. షెఫీల్డ్ అంటే ఇంగ్లండ్‌లో ఉక్కు ఊరు. 1980లో బెర్లిన్‌లో ఐన్‌స్టుర్జెండే నోయ్‌బౌటెన్ అని ఇంకొకళ్ళు, వాళ్ళు రేకులు, స్ప్రింగులు, డ్రిల్ మెషీన్లు స్టేజి మీదకి తెచ్చి నిజంగానే వాయించారు, ఆ పేరుకి అర్థం కూలిపోతున్న కొత్త భవనాలు అని. ఇదంతా ఇండస్ట్రియల్ మ్యూజిక్, ఇంకా రాక్ కాదు. అట్లాంటిక్ దాటాక వాంకూవర్‌లో స్కిన్నీ పప్పీ, షికాగోలో వాక్స్ ట్రాక్స్ అనే లేబుల్, అక్కడే మినిస్ట్రీ, వీళ్ళు దీనికి డాన్సు బీటు కలిపారు, తర్వాత మెటల్ గిటార్లు కలిపారు. బర్మింగ్‌హామ్‌లో గాడ్‌ఫ్లెష్ అయితే డ్రమ్మర్‌ని పక్కనపెట్టి డ్రమ్ మెషీన్‌తోనే అంత బరువైన మ్యూజిక్ చేసింది. అలా పుట్టిందే ఇండస్ట్రియల్ రాక్. చరిత్ర నీకు ఇంతకన్నా ఇప్పుడు అక్కర్లేదు.

ట్రెంట్ రెజ్నర్ గురించి మాత్రం తెలియాలి, ఎందుకంటే నైన్ ఇంచ్ నెయిల్స్‌ని బ్యాండ్ అంటాం గానీ చాలా ఏళ్ళు రికార్డుల మీద అధికారికంగా ఆ బ్యాండ్ అంటే ఆయనొక్కడే, రెండో మనిషి అటికస్ రాస్ చేరింది 2016లో. 1965లో పుట్టాడు, చిన్నప్పుడే అమ్మా నాన్నా విడిపోతే పెన్సిల్వేనియాలో మెర్సర్ అని చిన్న ఊళ్ళో అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగాడు, పియానో పద్ధతిగా నేర్చుకున్నాడు, స్కూల్ బ్యాండ్‌లో సాక్సఫోన్, ట్యూబా వాయించాడు. కాలేజీలో ఒక ఏడాది కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివి మానేసి క్లీవ్‌ల్యాండ్ వెళ్ళిపోయాడు. క్లీవ్‌ల్యాండ్ కూడా ఉక్కు ఊరే తమ్ముడూ, ఈరీ సరస్సు ఒడ్డున, ఫ్యాక్టరీల చెత్త నూనెలతో అక్కడి నది 1969లో అంటుకుని మండింది, అలాంటి ఊరు. అక్కడ రైట్ ట్రాక్ అనే స్టూడియోలో పనికి చేరాడు, నేల తుడవడం దగ్గర్నుంచి అన్నీ చేశాడు, ఓనర్ మంచాయన, బుకింగ్ లేని టైంలో స్టూడియో వాడుకోమన్నాడు. రాత్రిళ్ళు ఒక్కడే కూర్చుని ఈమ్యూ కంపెనీ శాంప్లర్ (ఏ శబ్దాన్నైనా పట్టుకుని కీబోర్డ్ మీద వాయించే మెషీన్), ఒక మాకింటోష్ కంప్యూటర్, రెండు మూడు సింథసైజర్లు పెట్టుకుని డెమోలు చేశాడు. తను అనుకున్నట్టు వాయించేవాళ్ళు దొరక్క దాదాపు అన్నీ తనే వాయించాడు. అదే 1989 అక్టోబర్‌లో 'ప్రెట్టీ హేట్ మెషీన్' అయింది. అమెరికా ఆల్బమ్‌ల చార్టులో 75వ స్థానం దాటి పైకి పోలేదు, కానీ బండి మీద ఊరూరూ తిరుగుతూ వాయిస్తే మెల్లగా మూడేళ్ళకి పది లక్షలు దాటింది.

ఆ ఆల్బం నాకు అప్పట్లో కొంచెం మెత్తగా అనిపించేది, ఇప్పుడు ఆ డ్రమ్స్ ప్రోగ్రామింగ్ వింటుంటే ఒక్కడే రాత్రిపూట ఎంత ఓపికగా చేసుంటాడో అర్థమవుతోంది.

నీ పాట దగ్గరికి వద్దాం. 'మార్చ్ ఆఫ్ ద పిగ్స్' 1994 మార్చి 8న వచ్చిన 'ద డౌన్‌వర్డ్ స్పైరల్'లోది. నువ్వు "ఏదో తప్పుతున్నట్టుంది కానీ బాగుంది" అని రాశావు చూడు, అది నీ చెవి కరెక్టుగా పట్టుకుంది. మామూలు రాక్ పాట నాలుగు దెబ్బల లెక్కలో పోతుంది. ఇది ఏడు. అమ్మకి సంగీతం వచ్చంటున్నావు కదా, అడుగు, మిశ్ర చాపు తాళం, తకిట తకధిమి, మూడు ప్లస్ నాలుగు. ఈ పాటలో ఆ ఏడు మూడుసార్లు వస్తుంది, నాలుగోసారి ఏడు కాదు, ఎనిమిది. ఏడు ఏడు ఏడు ఎనిమిది. ఆ ఒక్క దెబ్బ ఎక్కువ పడటం వల్లే నీ ఒళ్ళు ముందుకి తూలినట్టు అనిపిస్తోంది. వేగం ఎక్కువ కాబట్టి మొదట్లో లెక్క అందదు, తొడ మీద వేలితో కొడుతూ నెమ్మదిగా అలవాటు చేసుకో. ఇక అంత గోల మధ్యలో టక్కున అన్నీ ఆగిపోయి ఖాళీగా పియానో వస్తుంది, ఎవరో పక్కగదిలో కూర్చుని పిల్లలకి పాఠం చెప్తున్నంత మామూలుగా, మళ్ళీ గోల, చివర్లో మళ్ళీ పియానో. అమ్మకి ఆ పియానో ముక్క ముందు వినిపించు. గోల అంతా ఆ నిశ్శబ్దం కోసమే పెట్టాడని నా నమ్మకం, ఇన్నేళ్ళు మిక్సింగ్ చేశాక ఇంకా గట్టిగా నమ్ముతున్నా, గట్టి శబ్దానికి విలువ దాని పక్కనున్న ఖాళీ వల్లే వస్తుంది.

డిస్టార్షన్ గురించి అడిగావు, అది శబ్దం పాడవడం కదా, కావాలని ఎందుకు పాడుచేస్తారు అని. ఇది అందరికీ ఉండే అనుమానమే. శబ్దతరంగం పైకి లేచి కిందకి దిగుతుంది కదా, దాని తలని బలవంతంగా కోసేస్తే, అంటే అది పట్టలేనంత పంపిస్తే, అసలు స్వరంతో పాటు దాని పై స్వరాలు బోలెడు కొత్తగా పుట్టుకొస్తాయి. పాడవడం అంటే నిజానికి కొత్తవి కలవడం. మన తంబురానే చూడు, తీగకీ బ్రిడ్జికీ మధ్య నూలుపోగు పెట్టి అటూ ఇటూ జరిపి సరిచేస్తారు, అది లేకపోతే తంబురా టంగ్ మని ఆగిపోతుంది, పెడితేనే ఆ జుమ్మని రొద వస్తుంది, ఆ రొద మీదే గాయకుడు శ్రుతి పట్టుకుంటాడు. అది కూడా శుభ్రమైన స్వరాన్ని కావాలని గరుకు చెయ్యడమే. రెజ్నర్ గిటార్‌ని యాంప్లిఫయర్ ముందు మైకు పెట్టి కాకుండా ఒక చిన్న ఎఫెక్ట్ డబ్బాలోంచి నేరుగా కంప్యూటర్‌లోకి పంపి, అక్కడ ఇంకా కోసి, అతికించి, అది గిటారో రంపమో తెలీనంత చేశాడు. అదే ఆల్బంలో 'క్లోజర్' అనే పాట డ్రమ్ దెబ్బ ఇగ్గీ పాప్ 1977 నాటి పాట ఒకదాంట్లోంచి తీసుకుని మార్చినది. మాటలు పెద్దవాళ్ళవి, హాల్లో స్పీకర్ మీద పెట్టకు. కానీ దాని చివర ఒక్కో పొర వచ్చి పేరుకుని, అంతా ఒక్కసారి తెగిపోయి, ఒంటరిగా ఒక స్వరాల వరస కిందకి దిగుతుంది, అదే వరస ఆల్బం చివర్లో టైటిల్ పాటలో మళ్ళీ కనిపిస్తుంది. నాకు రెండో నెలలో గానీ అందలేదు. అందిన రోజు టూ ఇన్ వన్ ముందు కూర్చుని ఏడ్చేశా, ఎందుకో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను.

ఆ ఆల్బం గురించి నాకు మింగుడుపడని సంగతి కూడా చెప్పాలి. దాన్ని రికార్డ్ చేసింది లాస్ ఏంజిలిస్‌లో సీలో డ్రైవ్ మీద ఒక అద్దె ఇంట్లో, 1969లో నటి షారన్ టేట్‌నీ ఇంకొందరినీ మాన్సన్ ముఠా చంపిన ఇల్లది. అందులో స్టూడియో పెట్టి దానికి తలుపు మీద హంతకులు రక్తంతో రాసిన మాటని గుర్తుచేసే పేరు పెట్టాడు. తర్వాత ఒకరోజు ఆమె చెల్లెలు ఎదురుపడి, మా అక్క చావుని నువ్వు వాడుకుంటున్నావా అని అడిగితే అప్పుడు గానీ తనకి తగల్లేదని, ఇంటికెళ్ళి ఏడ్చానని తనే తర్వాత చెప్పుకున్నాడు. 15 ఏళ్ళప్పుడు నాకు ఆ ఇల్లు కథ గొప్పగా అనిపించేది, ఫ్రెండ్స్‌కి చెప్పి భయపెట్టేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పను. చచ్చిపోయినవాళ్ళకి ఇంట్లో మనుషులుంటారు.

అమ్మ భయం గురించి. శబ్దం సంగతి పక్కన పెడితే మాటలు చీకటిగా ఉంటాయి, నిజమే, ఆ ఆల్బం మొత్తం ఒక మనిషి మెట్టు మెట్టుగా తనని తాను నాశనం చేసుకోవడం. రెజ్నర్ కూడా తాగుడు, డ్రగ్స్‌లో చాలా దూరం పోయాడు, 2001లో బయటపడ్డాడు, అప్పట్నుంచి ఆయన చేసినంత పని అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. కాబట్టి ఆ బాధ వల్లే మంచి మ్యూజిక్ వచ్చింది అని ఎవరైనా నీకు చెప్తే నమ్మకు, లెక్క తిరగబడి ఉంది. ఇంకొకటి, ఈ పాటలు వింటే నాకు తోడు దొరికినట్టు ఉండేది, నేను ఒక్కణ్ణే కాదు అనిపించేది. నీకూ అలా ఉంటే హాయిగా విను. అలా కాకుండా ఆ మాటలన్నీ నా గురించే, నాకూ అలాగే చెయ్యాలనుంది అని ఎప్పుడైనా అనిపిస్తే పాట ఆపి ఎవరో ఒకరితో మాట్లాడు, అమ్మతో, లెక్చరర్‌తో, నాకు మెసేజ్ పెట్టినా పర్లేదు, ఏ టైం అయినా. ఇది ఏదో రాయాలి కాబట్టి రాస్తున్నది కాదు.

ఆ ఆల్బంలో ఆఖరిది 'హర్ట్'. దాన్ని 2002లో జానీ క్యాష్ పాడాడు, అమెరికాలో కంట్రీ మ్యూజిక్ పెద్దాయన, అప్పటికి 70 ఏళ్ళు, ఆరోగ్యం బాలేదు, మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో పోయాడు. కుర్రాడు రాసిన బాధ ముసలాయన నోట్లో వేరే అర్థం అయిపోయింది. వీడియో చూశాక ఆ పాట ఇక నాది కాదు అన్నట్టు మాట్లాడాడు రెజ్నర్. అమ్మకి రెండో వినిపించాల్సింది అది, గిటార్, పియానో, ఒక గొంతు, అంతే. తర్వాత అసలు పాట పెట్టు. అందులో గిటార్ వరసలో ఒక స్వరం కావాలనే అపశ్రుతిగా ఉంటుంది, క్యాష్ పాటలో అది ఉండదు. రెండూ పక్కపక్కన వింటే ఒక్క స్వరం జరిపితే మనసులో ఎంత జరుగుతుందో తెలుస్తుంది, నేను అసిస్టెంట్లకి ఇప్పటికీ ఇది చేయించి చూపిస్తా.

నేను పని నేర్చుకున్నది ఎలాగంటే, 2005 నుంచి రెజ్నర్ తన పాటల విడి ట్రాకులు జనానికి ఇచ్చేయడం మొదలెట్టాడు, 2007 'ఇయర్ జీరో' ఆల్బం పాటలకి కూడా ఇచ్చాడు, డ్రమ్స్ వేరే, గొంతు వేరే, గోల వేరే. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో డబ్బింగ్ రికార్డిస్ట్‌ని, రాత్రి పని అయిపోయాక అవి దించుకుని తెరిచా. తెరిస్తే ఆశ్చర్యం, కలిపి వింటే గోడలా ఉండే శబ్దం విడదీస్తే ఒక్కోటీ చాలా సన్నగా, చిన్నగా ఉంది. ఒకదానికొకటి అడ్డురాకుండా దేని చోటు దానికి కోసి పెట్టాడు. నాకు ఏ కోర్సులోనూ ఇది చెప్పలేదు. ఆ తర్వాత 2008 మార్చిలో 'గోస్ట్స్' అని 36 పాటలు, మాటల్లేవు, ఏ కంపెనీ లేకుండా సొంతంగా ఇంటర్నెట్‌లో పెట్టాడు, మొదటి తొమ్మిదీ ఉచితం, మొత్తం 5 డాలర్లు, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ మీద, అంటే వ్యాపారానికి కాకపోతే ఎవరైనా పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. 300 డాలర్ల సంతకం ఎడిషన్ 2,500 కాపీలు చూస్తుండగానే అయిపోయాయి. అందులోని ఒక బాంజో ముక్క నువ్వు కచ్చితంగా విన్నావు, 2019లో 'ఓల్డ్ టౌన్ రోడ్' అని ఒక పాట అమెరికా చార్టులో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది కదా, దాని అడుగున తిరిగేది అదే.

ఇంకో సంగతి మనకి దగ్గరిది. 2011 ఆస్కార్లలో మన రెహమాన్ గారు '127 అవర్స్' నేపథ్య సంగీతానికి నామినేట్ అయ్యారు, ఆయనతో పోటీలో ఉండి గెలిచింది 'ద సోషల్ నెట్‌వర్క్'కి చేసిన రెజ్నర్, రాస్. ఆ రోజు మా స్టూడియోలో అందరూ డీలా పడ్డారు, నేను రెహమాన్ అభిమానినే, నాకూ బాధేసింది, కానీ క్లీవ్‌ల్యాండ్ స్టూడియోలో నేల తుడిచిన మనిషి సూటు వేసుకుని ఆ స్టేజి ఎక్కుతుంటే గుండె నిండిపోయింది. ఆ రెండు భావాలూ ఒకేసారి ఉండొచ్చు. ఆ సినిమా మొదట్లో వచ్చే మ్యూజిక్ విను, ఒక ఒంటరి పియానో, దాని కింద మెల్లగా పెరిగే ఒక గరుకు హోరు. 1998లో నేను టూ ఇన్ వన్‌లో విన్న ఆ హోరుకి తమ్ముడే అది.

ఎక్కడ మొదలెట్టాలి అంటే, నా మాట విని డౌన్‌వర్డ్ స్పైరల్ ఇప్పుడే పూర్తిగా పెట్టకు, అది 65 నిమిషాలు మధ్యలో ఆపకుండా వినాల్సింది, నీ పరీక్షలయ్యాక ఒక మధ్యాహ్నం దానికి ఇచ్చేయ్. ముందు ప్రెట్టీ హేట్ మెషీన్, పాటలు పాటల్లాగే ఉంటాయి. తర్వాత 1999లో వచ్చిన 'ద ఫ్రాజైల్', రెండు సీడీలు, గంటన్నర పైనే, మొదటి వారం చార్టులో నంబర్ వన్, తర్వాతి వారానికే టాప్ టెన్‌లోంచి జారిపోయింది, జనం తొందరపడ్డారని నా అభిప్రాయం, నాకు ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా ఇష్టం అదే. అందులో 'లా మేర్' అని ఉంటుంది, పియానోతో మొదలవుతుంది, అర్థం సముద్రం అని. ఆర్కే బీచ్‌లో సాయంత్రం కూర్చుని నేను లెక్కలేనన్నిసార్లు విన్నా. 1992 నాటి 'బ్రోకెన్' ఈపీ, అంటే చిన్న ఆల్బం, మాత్రం చివరికి ఉంచు, అది కోపం తప్ప ఇంకేం లేదు. వేరే బ్యాండ్లలో మినిస్ట్రీ, గాడ్‌ఫ్లెష్ తర్వాత చూద్దువు, రామ్‌స్టీన్ జర్మన్‌లో పాడతారు, అర్థం కాకపోయినా కవాతు లాంటి ఆ బీటు నీకు నచ్చుతుంది.

ఒక్క జాగ్రత్త, నా వృత్తి కాబట్టి చెప్పి తీరాలి. వాల్యూమ్. అమెరికాలో నియోష్ అని కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ ఉంది, వాళ్ళ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, 88 అయితే 4 గంటలు, 91కి 2 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైం సగం అయిపోతుంది, 100 దగ్గర పావుగంటే. ఇయర్‌ఫోన్స్ ఫుల్ పెడితే 100 ఈజీగా తాకుతుంది. ఈ మ్యూజిక్ తక్కువ వాల్యూమ్‌లో కూడా గట్టిగానే వినపడేలా చేశారు, అది డిస్టార్షన్ మహిమ, కాబట్టి సగం దాటించకు. చెవి లోపల పోయిన వెంట్రుక కణాలు మళ్ళీ మొలవవు.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. నాన్నకి పోయాయి. మిల్లులో పనిచేసినవాళ్ళకి ముందు పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, స, శ, ట లాంటి అక్షరాలు ఉండే చోటు, పక్షుల కూతలుండే చోటు. రిటైరయ్యేసరికి కుక్కర్ విజిల్ వంటింట్లో వస్తోందో పక్కింట్లో వస్తోందో తెలిసేది కాదు. మొన్న సంక్రాంతికి హైదరాబాద్ వస్తే స్టూడియోకి తీసుకెళ్ళా, పెద్ద స్పీకర్ల మీద నీ పాటే, 'మార్చ్ ఆఫ్ ద పిగ్స్' పెట్టా, తక్కువ సౌండ్‌లోనే. డ్రమ్స్ పక్కన మోగే ఇత్తడి పళ్ళేల శబ్దం తనకి అందట్లేదని మొహం చూస్తే తెలుస్తోంది. కుర్చీ ముందుకి లాక్కుని స్పీకర్ డబ్బా పక్కన అరచెయ్యి ఆనించాడు, స్క్రూడ్రైవర్ ఆనించినట్టే, కళ్ళు మూసుకున్నాడు. ఒక రౌండ్ అయింది, రెండు, మూడు. నాలుగోసారి కళ్ళు తెరిచి నావైపు తిరిగి "ఇక్కడ ఒకటి ఎక్కువ పడిందిరా" అన్నాడు.